మెల్లకన్ను చేప

మా నాన్న లెక్క ప్రకారం లోకంలో చేపలు రెండే రకాలు. పులుసుకు పనికొచ్చేవి, పనికిరానివి. నేను పెంచేవి రెండో రకం.

నా ల్యాబులో గాజు తొట్లలో తిరిగే జీబ్రా చేపలు చిటికెన వేలంత కూడా ఉండవు. ఒళ్ళంతా నల్లచారలు. విశాఖ ఫిషింగ్ హార్బరులో పుట్టి, వంజరాలూ పండుగప్పలూ తిని పెరిగిన పిల్ల ఇంత చదువూ చదివి చివరికి వీటికి మేత వేసుకుంటూ కూర్చుందని నాన్నకు మొదటి నుంచీ చిన్నతనం. ఎవరైనా అడిగితే "మా గుంట డాక్టరు" అని ఊరుకుంటాడు. దేనికి డాక్టరో చెప్పడు.

ఒకసారి పట్టుబట్టి ల్యాబుకు తీసుకొచ్చాను. తొట్టి ముందు వంగి చాలాసేపు చూశాడు.

"ఇయ్యేనా?" అన్నాడు.

"ఇవే నాన్నా."

"నెత్తళ్ళు నయం గదే కనకా. ఏపుడుకైనా వత్తాయి."

నా పూర్తి పేరు కనకమహాలక్ష్మి. గుమ్మం మీద బోర్డులో డాక్టర్ అని కూడా ఉంటుంది. నాన్న వచ్చి వెళ్ళాక మాత్రం నాకు నేను మళ్ళీ గౌను వేసుకున్న పిల్లలాగే అనిపిస్తాను.

నాన్న పేరు నూకరాజు. హార్బరులో పేర్ల నూకరాజు అంటే తెలియనివాళ్ళు లేరు. బోట్లకు పేర్లు రాస్తాడు. ఏటా ఎండాకాలంలో, చేపలు గుడ్లు పెట్టే రెండు నెలలూ వేట నిషేధం ఉంటుంది. ఒక్క బోటూ సముద్రంలోకి పోకూడదు. అప్పుడే అన్నీ ఒడ్డుకెక్కి చెక్కలు మార్చుకుంటాయి, రంగులు వేయించుకుంటాయి. హార్బరంతా సెలవులో ఉంటే నాన్నకు మాత్రం పెళ్ళిళ్ళ రోజుల్లో పురోహితుడికి ఉన్నంత పని. రెండు తాళ్ళకు కట్టిన పలక మీద చెప్పుల్లేకుండా నిలబడి రాస్తాడు. కాలికి పలక తెలియకపోతే చేతికి అక్షరం తెలియదంటాడు.

ప్రతి పేరు కిందా ఒక చేప బొమ్మ వేస్తాడు. అది ఆయన గుర్తు. చేపకు కన్ను తెల్లగా వదిలేస్తాడు. నిషేధం ముగిసి బోటు నీళ్ళలోకి దిగే పొద్దున, కొబ్బరికాయ కొట్టాక, కుంచెతో ఆ తెలుపు మధ్యలో ఒక్క నల్లచుక్క పెడతాడు. ముందే పెట్టేస్తే చేప ఒడ్డును చూసి ఒడ్డుకే అలవాటు పడిపోతుందని ఆయన సిద్ధాంతం. ఆ చుక్క పెట్టేటప్పుడు జెట్టీ మీద ఎవరూ దగ్గను కూడా దగ్గరు.

అలాంటి చెయ్యి వణకడం మొదలుపెట్టింది.

మొదట టీ ఎక్కువైందన్నాడు. తర్వాత కుంచె మంచిది కాదన్నాడు. ఆ తర్వాత తప్పు నాది, నా పెళ్ళి గురించిన దిగులన్నాడు. ఒక ఎండాకాలం "గంగాభవాని" అని రాయబోతే సున్న కాస్తా వంకాయలా వచ్చింది. తుడిచి మళ్ళీ రాశాడు. ఈసారి సొరకాయ వచ్చింది. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేదేమో. ఇంటికొచ్చి కుంచెలన్నీ కిరసనాయిలు డబ్బాలో పడేసి మంచం కిందికి తోసేశాడు. ఆ తర్వాత రెండేళ్ళు జెట్టీ వైపు వెళ్ళకుండా చుట్టు తిరిగి బజారుకెళ్ళేవాడు. బోట్ల మీదికి కంప్యూటర్ స్టిక్కర్లు వచ్చాయి. 

పెద్ద డాక్టర్లు దాన్ని పార్కిన్సన్స్ అంటారు, మావాళ్ళు వణుకుడు జబ్బు అంటారు. విచిత్రం ఏమిటంటే అప్పటికే నా ల్యాబులో ఒక తొట్టి నిండా వణికే చేపలున్నాయి.

వాటిని అలా చేసింది నేనే. నరాల కణాల్లో ఒక ప్రోటీను ఉంటుంది. దాన్ని తయారుచేసే జన్యువుకు పుస్తకాల్లో అక్షరాలూ అంకెలూ కలిసిన పొడుగాటి పేరుంది. మా ల్యాబులో అందరం దాన్ని బంక అంటాం. కొంచెం ఉంటే మేలు, ఒక కణం నుంచి ఇంకో కణానికి కబురు సాఫీగా వెళ్తుంది. మోతాదు మించితే ముద్దకట్టి కణాన్ని లోపలి నుంచి ఉక్కిరిబిక్కిరి చేస్తుంది. చేపలకు ఆ జన్యువును రెట్టింపు ఎక్కించాను. నెల తిరక్కుండా అవి తిన్నగా ఈదలేక గోడలకు తగులుకోవడం మొదలుపెట్టాయి.

తర్వాత వాటి నీళ్ళలో ఒక మందు కలిపాను. దాని పేరు జల్లెడ. కణంలో మిగిలిపోయిన బంకను బయటికి తోయిస్తుంది. వారం గడిచేసరికి చేపలు గీత గీసినట్టు తిన్నగా ఈదాయి. ఆ రోజు ల్యాబులో నేను వేసిన గంతులకు ఒక గాజు గొట్టం పగిలింది.

బయటికి వచ్చిన బంక రక్తంలో కలుస్తుంది, మిగతా చెత్తతో పాటు మూత్రపిండాలు దాని సంగతి చూసుకుంటాయి, అనుకున్నాం. అదే జన్యువు కొన్ని కేన్సర్లలో కూడా, తనకు పనిలేని చోట, మేలుకుని కనిపిస్తుందని మాకు తెలుసు. దాన్ని పక్కింటి తగాదాగా లెక్కేసి మా పని మేం చూసుకున్నాం.

మనుషుల మీద పరీక్ష నడిపింది నేను కాదు, డాక్టర్ రెహానా. నరాల వైద్యురాలు, నా స్నేహితురాలు, నాకంటే పదింతలు జాగ్రత్త మనిషి. పరీక్షలో చేరేవాళ్ళలో నాన్న పేరు వినగానే నన్ను గదిలోంచి బయటికి పంపేసింది.

"నీ మందు, మీ నాన్నగారు. ఇక నువ్వు ఇటువైపు చూడకూడదు కనకా. ఆయనకు మందు వచ్చిందో, ఉప్పునీళ్ళు వచ్చాయో నీకూ తెలియదు, నాకూ తెలియదు, ఆయనకూ తెలియదు. లెక్కలన్నీ అయ్యాకే తెలుస్తుంది."

నాన్నకు ఆ పద్ధతి అస్సలు నచ్చలేదు. "ఉప్పునీళ్ళు ముక్కులో ఏసుకోడానికి డాక్టరెందుకమ్మా? మా ఇంటెనకాల సముద్రముంది గదా" అన్నాడు.

రహస్యం ఎంతో కాలం దాగలేదు. చలికాలం పోయేసరికి నాన్న టీ గ్లాసు ఒంటిచేత్తో ఎత్తి, ఒక్క చుక్క ఒలకకుండా తాగి, కిందపెట్టాడు. మా అమ్మ పైడమ్మ ఆ గ్లాసును చాలాసేపు కడగలేదు. నాన్న మంచం కింది డబ్బా బయటికి లాగాడు. కుంచెలు కిరసనాయిల్లో నాని మెత్తగానే ఉన్నాయి.

ఆ ఏడు వేట నిషేధం మొదలయ్యేనాటికి పేర్ల నూకరాజు పలకెక్కాడు. మొదటి పిలుపు సింహాద్రి బాబాయిది. నాన్నకు చిన్ననాటి నేస్తం, కొత్త బోటు కట్టించుకున్నాడు. రెండేళ్ళ క్రితం వంకాయ వచ్చింది ఆయన పాత బోటు మీదే. అయినా స్టిక్కరు అంటించనివ్వలేదు.

"పేరు నేకుండా తిరిగినాను గానీ, ఆ ప్లాస్టిక్కుతో తిరగనేదురా నూకా. ఈసారి పెద్ద పేరు పెడతన్నాను. శ్రీ కరుణామయి గంగాభవాని. రాసి సావు."

"ఇంత పేరు రాస్తే బోటు సాలదురా" అంటూనే నాన్న సుద్దముక్క తీశాడు. ఆ కేకలు వినడానికి నేను ల్యాబు మానేసి జెట్టీ మీద కూర్చున్నాను. అంత సంతోషంగా నేనెప్పుడూ ఎండలో కూర్చోలేదు.

నిషేధం సగంలో ఉండగా ఒక పొద్దున తొట్లకు మేత వేస్తుంటే ఒక చేప తోక దగ్గర నల్లమచ్చ కనిపించింది. చార కాదు. చారలకు ఒక వరస ఉంటుంది. ఇది సిరా ఒలికినట్టుంది. పక్క చేపకూ ఉంది. జల్లెడ కలిపిన తొట్టి మొత్తం చూశాను. దాదాపు అన్నిటికీ ఉంది. వెంటనే రెహానాకు ఫోను చేశాను.

మధ్యాహ్నానికి రెహానా వచ్చి సూక్ష్మదర్శిని ముందు కూర్చుంది. నేను బంకను వెలిగించే రంగు వేసి పెట్టాను. మెదడులోంచి తోసేసిన బంక మూత్రపిండాల దాకా పోలేదు. దారిలో చర్మానికి రంగునిచ్చే కణాల్లోకి దూరి కూర్చుంది.

"ఈ కణాల్లోకే ఎందుకు?" అంది రెహానా.

"చుట్టరికం. తల్లి కడుపులో ఉన్నప్పుడు ఈ కణాలూ నరాలూ ఒక్కచోటే పుడతాయి. తర్వాత ఇవి చర్మానికి కాపురానికొస్తాయి. పుట్టింటి నుంచి వచ్చిన మూట కదా, తలుపు తీశాయి."

"వచ్చి ఏం చేస్తోంది?"

"మేలే చేస్తోంది" అన్నాను. నాకు ఏడుపొచ్చింది. "చెడిపోయిన కణానికి మరమ్మతు చేసి బతికిస్తోంది. చావాల్సిన కణం చావట్లేదు."

చావాల్సిన కణం చావకపోతే దాన్నేమంటారో మా ఇద్దరికీ తెలుసు. రెహానా ఫోను తీసింది. సాయంత్రంలోగా పరీక్షలో ఉన్న అందరికీ కబురు వెళ్ళింది. చుక్కలు ఆపండి, సీసాలు తిరిగివ్వండి, ఒళ్ళంతా చూపించుకోండి.

అందరూ వచ్చారు. అదృష్టం బాగుండి ఎవరికీ ఏ మచ్చా కనిపించలేదు. నాన్న కూడా సీసా ఇచ్చేసి, చొక్కా విప్పి, వీపు చూపించి, కాళ్ళు చాచాడు. పేర్లు రాసే మనిషి పాదాలు ఎలా ఉంటాయో మీరే ఊహించుకోండి. ఎరుపు, పసుపు, నీలం, నలుపు. చూసే కుర్ర డాక్టరమ్మ "ఇదేంటి తాతా?" అంటే "రంగమ్మా" అన్నాడట. ఆమె రాసుకుని పంపేసింది.

రెండు వారాలు గడిచేసరికి, మందుతో కుదుటపడిన మిగిలినవాళ్ళకు వణుకు మళ్ళీ మొదలైంది. రెహానా ఒక్కొక్కరి గురించే చెబుతుంటే నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. నాన్నకు మాత్రం చెయ్యి ఇసుమంత కూడా కదల్లేదు. జెట్టీకి వెళ్ళి చూస్తే "కరుణామయి" నిండు చందమామల్లాంటి అక్షరాలతో నిలబడి ఉంది. కొందరికి శాశ్వతంగా నయమవుతుందేమోనని నాలోని శాస్త్రవేత్త ఎగిరి గంతేసింది. నాలోని కూతురు దానికంటే ఎత్తు ఎగిరింది. నాటు పడవల మీద ఒడ్డు దగ్గర పట్టుకొచ్చిన చేపలేవో అమ్ముతుంటే కొనుక్కుందామని ఆ ఊపులోనే బజారుకెళ్ళాను.

గంప ముందు కొండమ్మ పిన్ని నన్ను చూసి నోరంతా నవ్వింది. "ఏటే డాక్టరమ్మా, నాలుగు కానాగంతలు ఎక్కువే అట్టుకెల్లు. మీ అయ్యకి అరికాల్లో అదురుష్టం పుట్టిందట గదా!"

"ఏం పుట్టింది పిన్నీ?"

"పుట్టుమచ్చే! నల్లగా నేరేడుపండు నాగ ఉన్నాదంట. అరికాల్లో మచ్చుంటే సముద్రాలు దాటుతాడు, కూకున్న సోటికి సిరొస్తాది అని మీ యమ్మ బజారంతా సెప్పింది. నీకు సెప్పనేదా?"

మాకు పుట్టుమచ్చలంటే అంత నమ్మకం. పిల్ల పుడితే ముందు మచ్చలు వెతుకుతారు. చేతిలో ఉంటే వంట, భుజాన ఉంటే బరువు, అరికాల్లో ఉంటే రాజయోగం. అమ్మ ఊరందరికీ చెప్పి నాకొక్కదానికి చెప్పలేదంటే కారణం నాకు తెలుసు. ఇంట్లో ఏ వింత కనిపించినా నేను ముక్క కోసి సీసాలో వేస్తానని ఆవిడ భయం. కానాగంతలు గంపలోనే వదిలేసి పరుగెత్తాను.

నాన్న అన్నం తిని వసారాలో చాప మీద పడుకుని ఉన్నాడు. ఒక చేత్తో పాదం పట్టుకుని, ఇంకో చేత్తో కిరసనాయిలు గుడ్డ తీసుకున్నాను.

"ఒగ్గెయే! సక్కిలిగిలి! పైడీ, సూడే నీ కూతురు!"

ఎరుపు పోయింది. పసుపు పోయింది. నీలం పోయింది. మడమ దగ్గర నలుపు మాత్రం పోలేదు. అంచులు గుండ్రంగా లేవు. మా చేప తోక మీదిలాగే సిరా ఒలికినట్టు ఉంది.

"ఇదెప్పుడు వచ్చింది నాన్నా?"

నాన్న లేచి కూర్చున్నాడు. నవ్వు పోయింది. "మొదట రంగే అనుకున్నాను. మీ యమ్మ తోమితే పోనేదు."

"డాక్టరమ్మకు రంగని ఎందుకు చెప్పావు?"

నాన్న పాదం లాక్కుని పంచె కింద దాచుకున్నాడు. నాకు ఉన్నట్టుండి ఇంకోటి తోచింది. అందరికీ తిరిగొచ్చిన వణుకు ఈయనకెందుకు రాలేదు? లోపలికెళ్ళి మంచం కింద డబ్బా లాగాను. కుంచెల మధ్య, అమ్మ కళ్ళలో వేసుకునే చుక్కల సీసా. వాసన చూశాను. జల్లెడ.

"మరి రెహానాకు తిరిగిచ్చిన సీసాలో ఏముంది?"

"ఉప్పునీళ్ళు" అన్నాడు నాన్న, గోడకేసి చూస్తూ. "సముద్రానివే."

నాకు నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి, ముందు కోపం గెలిచింది. అరిచాను. ఆ మచ్చ అదృష్టం కాదు కేన్సరన్నాను. మందు చుక్క చుక్కకీ దానికి మేత వేస్తున్నావన్నాను. చెంబు పట్టుకుని వచ్చిన అమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది.

నాన్న అరవలేదు. కుడిచెయ్యి చాచి నా కళ్ళ ముందు పెట్టాడు. రాయిలా ఉంది.

"సూడు. రెండేళ్ళు ఈ సెయ్యి సూసుకోడానికి బయమేసి జేబులో పెట్టుకు తిరిగినాను. ఆ మచ్చ నన్ను ఎప్పుడో సంపుతాది. వణుకు రోజూ సంపుతాది. కాలు కావాలంటే కాలు కోసుకో తల్లీ. సెయ్యి మాత్రం ఉంచు."

"రెండూ ఉంచే మందు నాకింకా తెలీదు నాన్నా" అన్నాను. అబద్ధం చెప్పలేకపోయాను. "నాకు బోట్లు వద్దు. పేర్లు వద్దు. నువ్వు కావాలి, అంతే."

అమ్మ చెంబు కిందపెట్టి, వచ్చి నాన్న పక్కన కూర్చుని, చాచిన ఆ చెయ్యి పట్టుకుంది.

"పెళ్ళిలో ఈ సెయ్యి పట్టుకున్నది నాను. కుదురుగున్నాదా వణుకుతున్నాదా అని సూసి పట్టుకున్నానేటి? ఆ సుక్కలు ఒగ్గెయ్. మనిషి నేకుండా ఉట్టి సెయ్యి ఏటి సేసుకోను, ఉట్టికి యేలాడదీయనా?"

నాన్న పెదవులు బిగించుకుని చూశాడు. తర్వాత భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకున్నాను. నవ్వుతున్నాడు. తర్వాత రెండూ చేశాడు, మేమూ చేశాం.

ఒక్క షరతు పెట్టాడు. పేరులో చివరి రెండక్షరాలు మిగిలాయి. మందు మానేసినా కొద్దిరోజులు చెయ్యి నిలుస్తుంది కాబట్టి సరేనన్నాను. మర్నాడే "వాని" రాసి, కింద చేపను వేసి, కన్ను తెల్లగా వదిలేసి, ఆసుపత్రికి వచ్చి పడుకున్నాడు. మచ్చ పైపొరలోనే ఉంది. మడమ దగ్గర అట్టుముక్కంత కోసి, తొడ మీది చర్మం తెచ్చి అతికారు. సీసా సంగతి తెలిశాక రెహానా మూడు రోజులు నాన్నతో మాట్లాడలేదు. నాలుగో రోజు నవ్వాపుకోలేక తనే ఓడిపోయింది.

నిషేధం ముగిసిన పొద్దున హార్బరంతా తిరునాళ్ళలా ఉంది. కట్టుకట్టిన కాలుతో నడవకూడదు కాబట్టి బోట్లు నడిపే సరంగులు నలుగురు నాన్నను ప్లాస్టిక్ కుర్చీతో సహా ఎత్తుకొచ్చారు. పల్లకీ సేవ అంటూ జనం ఈలలు వేశారు. చెయ్యి అప్పటికే వణుకుతోంది. కొబ్బరికాయ కొట్టారు. సింహాద్రి బాబాయి నల్లరంగు డబ్బా పట్టుకున్నాడు.

నాన్న కుంచె ముంచి, తెల్లకన్ను దాకా తెచ్చి, ఆగాడు. కుంచె గాలిలో కొట్టుకుంటోంది. జెట్టీ మీద ఒక్కరూ దగ్గలేదు. నా చెయ్యి దానంతటదే లేచింది పట్టుకోవడానికి. అమ్మ నా చెయ్యి వెనక్కి లాగింది.

చుక్క పడింది. మధ్యలో కాదు. కంటి మూలకు పోయి, కొంచెం సాగి, అక్కడ ఆగింది. చేప బోటు ముందుకు చూడ్డం మానేసి ఎవరినో ఓరకంట చూస్తోంది. అచ్చంగా మెల్లకన్ను.

నాన్న కుంచె దించి, మొహం దించుకున్నాడు. సింహాద్రి బాబాయి బొమ్మ దగ్గరికి పోయి, అటు నుంచి చూశాడు, ఇటు నుంచి చూశాడు.

"ఒరే నూకా, ఇది ఎటు సూత్తందిరా?"

"ఎటో సూత్తంది. తుడిసెయ్."

"తుడవనీను. పక్కోడి వలలోకి సూత్తంది! ఇంక మనకి సేపలకేటి లోటు?"

జెట్టీ జెట్టీ అంతా ఘొల్లుమంది. నాన్న కూడా తలెత్తాడు. శ్రీ కరుణామయి గంగాభవాని పక్కబోట్ల వైపు ఓరచూపు చూసుకుంటూ నీళ్ళలోకి దిగింది.

ఇక నా సంగతి. ల్యాబులో ఒక తొట్టిని నేను ఎప్పుడో పనికిరానిదని పక్కన పెట్టేశాను. దానికి మందు పంపే పంపు మొరాయించేది, కొన్నాళ్ళు పనిచేసి కొన్నాళ్ళు ఆగేది. పారబోద్దామని తీసుకెళ్తూ చూస్తే ఆ తొట్టిలో ఒక్క చేపకూ మచ్చ లేదు. మందు ఆగిన రోజుల్లో చర్మకణాలు పుట్టింటి మూటను తీరిగ్గా వదిలించేసుకున్నాయి. మందు నడిచిన రోజుల్లో చేపలు తిన్నగా ఈదాయి. హార్బరు పిల్లనై ఉండి నాకిది ఇంత ఆలస్యంగా తట్టినందుకు సిగ్గేసింది. ఏడాది పొడుగునా వేటాడితే సముద్రమే తట్టుకోదు, ఒళ్ళేం తట్టుకుంటుంది!

తొట్టి తర్వాత తొట్టి మళ్ళీ చేసి చూశాం. రెహానా నమ్మడానికి చాలా నెలలు పట్టింది. చివరికి ఒక పద్ధతి కుదిరింది. ఏడాదిలో రెండు నెలలే చుక్కలు, మిగతా పది నెలలూ నిషేధం. వారం వారం అరికాళ్ళ నుంచి నెత్తి దాకా తనిఖీ. పది నెలలు వణకాల్సిందే. అది చిన్న బాధ కాదని మాకూ తెలుసు, వణికేవాళ్ళకు ఇంకా బాగా తెలుసు. ఎవరికి ఏ రెండు నెలలు కావాలో వాళ్ళనే ఎంచుకోమన్నాం. ఒకాయన కూతురి పెళ్ళినెల అడిగాడు. ఒక టీచరమ్మ పరీక్ష పేపర్లు దిద్దే నెల అడిగింది. మా నాన్న ఏది అడిగాడో వేరే చెప్పక్కర్లేదు. లోకానికి వేట మూసేసినప్పుడు ఆయనకు తెరుచుకుంటుంది.

మరుసటి ఎండాకాలం నాన్న మళ్ళీ పలకెక్కాడు. ఈసారి చెప్పులతో, రెహానా ఆజ్ఞ. వారం రోజులు తిట్టుకుని అలవాటు పడ్డాడు. అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. నిషేధం ముగియడానికి కొన్నాళ్ళ ముందు ల్యాబుకు వచ్చాడు, పిలవకుండానే. తొట్టి ముందు కూర్చుని మా చేపలను పలకరింపుగా చూశాడు. ఏదో చెప్పలేక నసుగుతున్నాడు. మచ్చేమైనా వచ్చిందేమోనని నా ప్రాణం పోయింది.

"మచ్చ నేదు, ఏటీ నేదు. పని పాడయిపోతంది" అన్నాడు.

"చెయ్యి వణుకుతోందా?"

"వణికితే నీ కాడికెందుకొత్తాను? సింహాద్రిగాడి బోటుకి నిరుడంతా ఎదురు నేదు గదా. ఇప్పుడు బోట్లోళ్ళందరికీ మెల్లకన్నే కావాలంట. తిన్నగా సూసే సేప ఒద్దంటన్నారు. ఇంట్లో అట్టముక్కల మీద ఏసి సూసినాను. ఎంత వంకరగా పెడదామన్నా సుక్క పోయి నడిమజ్జే కూకుంటంది! ఈ సెయ్యికి వంకర రాదే కనకా."

"అయితే?"

నాన్న గొంతు తగ్గించాడు, చేపలు వింటాయన్నట్టు. "పేర్లన్నీ అయిపోనాయి. కళ్ళే ఉన్నాయి. ఆ సుక్కలు నాలుగు రోజులు ముందే ఆపేత్తే... నీళ్ళలోకి దింపే పూటకి కొంచెం వణుకు వత్తాదేటి?"

నవ్వుతూనే నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. పదేళ్ళు చేపల మధ్య కూర్చుని నేను ఆపిన వణుకును మా నాన్న వెనక్కి ఇమ్మని అడుగుతున్నాడు.

ఇచ్చాను.